డబ్బా మీద వాట్లు కాదు... లోపలి ఆంపియర్లు చూడండి!

ఈ కథ చాలా ఇళ్లలో ఒకేలా నడుస్తుంది. ఇంటర్ పరీక్షలయ్యాయి. 'మార్కులొస్తే గ్రాఫిక్స్ కార్డు కొనిస్తానన్నావుగా నాన్నా' అని అబ్బాయి గుర్తుచేశాడు. ఇచ్చిన మాట కాబట్టి తిరువూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి, మైలవరం మీదుగా బెజవాడ వెళ్లి, ముప్పై వేల దాకా పోసి కార్డు తెచ్చారు. సాయంత్రానికల్లా బిగించేశారు. మానిటర్ మీద బొమ్మ కళకళలాడింది. ఇల్లంతా సంతోషం.

ఆట మొదలెట్టిన పది నిమిషాలకు కంప్యూటర్ ఠపీమని ఆగిపోయింది. 'లైట్లు, ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయిగా, దీనికొక్కదానికే కరెంటు పోయిందా?' అని వంటింట్లోంచి అమ్మ. మళ్లీ ఆన్ చేస్తే మామూలుగానే వచ్చింది. ఇంటర్నెట్ చూస్తే ఏమీ కాదు, పాటలు వింటే ఏమీ కాదు. ఆట తెరిస్తే మాత్రం ఠప్! వైరస్ అన్నారొకరు. విండోస్ పాడైందన్నారింకొకరు. రెండుసార్లు ఫార్మాట్ కొట్టారు. కొత్త కార్డే చెడ్డదని తీర్మానించి షాపుకు తీసుకెళ్తే, అక్కడ వేరే కంప్యూటర్లో అది శుభ్రంగా పనిచేసింది. ఇంటికి తెచ్చి బిగిస్తే, ఈసారి ఆగిపోవడంతో సరిపెట్టలేదు. వెనక జాలీలోంచి కాలిన వాసన!

దోషి కార్డు కాదు. క్యాబినెట్ మూలలో ఎవరూ పట్టించుకోని ఇనప డబ్బా. మన మెకానిక్కులు ఎస్‌ఎంపీఎస్ అంటారే, అదే... పవర్ సప్లై. గోడలోని 230 వోల్టుల ఏసీని కంప్యూటర్‌కు కావలసిన 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి అందరికీ పంచేది అదే. కంప్యూటర్ కొనేటప్పుడు ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత, హార్డ్ డిస్క్ ఎంత అని అడుగుతాం. దీని సంగతి ఎవరూ అడగరు. అడగరు కాబట్టే అమ్మేవాళ్లు ఖర్చు తగ్గించాలంటే మొదట కత్తెర వేసేది దీనికే.

ఒక కార్డు... ఎన్ని ఫ్యాన్లు?

1981లో ఐబీఎం తెచ్చిన మొదటి పీసీకి పెట్టిన పవర్ సప్లై మొత్తం సామర్థ్యం 63.5 వాట్లు. మన ఇంట్లో పాత సీలింగ్ ఫ్యాను తినేదానికన్నా తక్కువ! ఆ లెక్కలోనే ప్రాసెసర్, ఫ్లాపీ డ్రైవు అన్నీ నడిచిపోయేవి. ఇప్పుడు ఎన్‌విడియా 2025లో విడుదల చేసిన ఆర్‌టీఎక్స్ 5090 అనే కార్డు ఒక్కటే 575 వాట్లు లాగుతుంది. దాని జోలికి మనం వెళ్లంలెండి, అది లక్షల వ్యవహారం. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే ఆర్‌టీఎక్స్ 3060నే తీసుకుందాం. దాని తిండి 170 వాట్లు. ఆర్‌టీఎక్స్ 4060 అయితే కాస్త పొదుపరి, 115 వాట్లు.

ఈ కరెంటు కార్డుకు రెండు దారుల్లో వెళ్తుంది. మదర్‌బోర్డు మీద కార్డును గుచ్చే స్లాటు నుంచి గరిష్ఠంగా 75 వాట్లు వస్తాయి. అంటే ఒక ఫ్యానుకు సరిపడా. అంతకు మించి కావాలంటే పవర్ సప్లై నుంచి నేరుగా కార్డుకు వైరు వేయాలి. 6 పిన్నుల వైరు ఇంకో 75 వాట్లు, 8 పిన్నులది 150 వాట్లు మోస్తాయి. కార్డు నెత్తిన 8 పిన్నుల సాకెట్ కనిపించిందంటే, 'నాకు స్లాటు ఒక్కటే చాలదు' అని అది ముందే చెబుతున్నట్టు. మీ పాత ఎస్‌ఎంపీఎస్‌కు ఆ వైరే లేదంటే, అది ఇలాంటి కార్డు కోసం పుట్టింది కాదని అర్థం.

ఇప్పుడు షాపులో జరిగే సంభాషణ వినండి.

'ఇందులో ఎస్‌ఎంపీఎస్ ఎంతది బాబూ?'

'ఐదొందల వాట్లదండీ. ఏ కార్డయినా లాగేస్తుంది, మీరేం కంగారు పడకండి సార్.'

అబ్బాయి అబద్ధం చెప్పలేదు. డబ్బా మీద 500 అనే రాసి ఉంది. కానీ ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. పవర్ సప్లై పక్కన ఒక స్టిక్కర్ ఉంటుంది. దాని మీద చిన్న గళ్ల పట్టిక, అందులో ప్లస్ 3.3, ప్లస్ 5, ప్లస్ 12 వోల్టులు, ఒక్కోదాని కింద ఇన్ని ఆంపియర్లని రాసి ఉంటుంది. అందులో మీరు చూడాల్సింది ఒక్కటే గడి... ప్లస్ 12 వోల్టులది. గ్రాఫిక్స్ కార్డు తినేదీ, ప్రాసెసర్ తినేదీ దాదాపు అంతా అక్కడి నుంచే. ఆ ఆంపియర్లను 12తో హెచ్చవేయండి. వచ్చిందే మీకు నిజంగా పనికొచ్చే వాట్లు.

ఏడెనిమిది వందలకు దొరికే పేరూ ఊరూ లేని డబ్బాల మీద ఆ గడిలో 16 ఆంపియర్లు అని కనిపించడం మామూలే. 16ను 12తో హెచ్చవేస్తే 192 వాట్లు! మిగతా మూడొందలు ఏమయ్యాయి? 5 వోల్టుల దగ్గరా, 3.3 వోల్టుల దగ్గరా కలిపి లెక్క నింపేశారు. ఒకప్పుడు ఆ లెక్కకు అర్థం ఉండేది. పెంటియం 3 రోజుల్లో ప్రాసెసర్‌కు కరెంటు ఎక్కువగా 5 వోల్టుల నుంచే వెళ్లేది. 2000లో పెంటియం 4 వచ్చాక భారం 12 వోల్టుల వైపు మళ్లింది. చవక డబ్బాల పట్టిక మాత్రం ఇప్పటికీ ఆ పాత కాలంలోనే ఉండిపోయింది. మంచి కంపెనీ 550 వాట్ల సప్లై తీసి చూడండి, 12 వోల్టుల గడిలో 45 ఆంపియర్ల దాకా ఉంటుంది. అంటే దాదాపు మొత్తం సామర్థ్యం మనకు కావలసిన చోటే ఉన్నట్టు.

మన ఇంటి లెక్క వేద్దాం

కాగితం, పెన్ను తీసుకోండి. ప్రాసెసర్ ఇంటెల్ ఐ5 12400ఎఫ్ అనుకుందాం. డబ్బా మీద 65 వాట్లని ఉన్నా, పని ఎక్కువైనప్పుడు 117 దాకా పోవచ్చని కంపెనీయే చెబుతుంది. కాబట్టి 117 వేయండి. కార్డు 3060 అయితే 170. మదర్‌బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు అన్నిటికీ కలిపి ఓ 60. మొత్తం 347 వాట్లు. ఇదే కార్డుకు ఎన్‌విడియా ఎంత సప్లై పెట్టమంటుందో తెలుసా? 550 వాట్లు. 'మన లెక్క 350 అయితే వాళ్లు రెండొందలు ఎక్కువ చెబుతున్నారేంటి, అమ్ముకోవడానికా?' అనిపించడం సహజం.

కాదు. గ్రాఫిక్స్ కార్డు ఫ్యానులాగా ఒకే తీరున కరెంటు తీసుకోదు. ఆటలో బాంబు పేలిన దృశ్యం వచ్చినప్పుడు సెకనులో వెయ్యో వంతుకన్నా తక్కువ సేపు ఒక్కసారిగా గుటక వేస్తుంది. ఆ గుటక దాని సగటు తిండికి రెట్టింపు దాకా ఉండొచ్చు. 2020లో ఆర్‌టీఎక్స్ 3080, 3090 వచ్చినప్పుడు ఈ గుటకల వల్లే మంచి పేరున్న సప్లైలు కూడా కొన్ని రక్షణ కోసం తమంతట తామే ఆగిపోయాయి. ఆ అనుభవం తర్వాత 2022 ఫిబ్రవరిలో ఇంటెల్ ఏటీఎక్స్ 3.0 అనే కొత్త ప్రమాణం ప్రకటించింది. 450 వాట్లకు పైబడి, కొత్త తరహా కార్డు కనెక్టర్ ఉన్న సప్లైలు తమ సామర్థ్యానికి రెట్టింపు భారం వచ్చినా 100 మైక్రోసెకన్ల పాటు నిలబడాలని అందులో ఉంది. ఇప్పుడు కొత్తది కొంటున్నారంటే డబ్బా మీద ఏటీఎక్స్ 3.0 లేదా 3.1 అని ఉన్నదాన్ని అడగడం మంచిది.

అలాగని భయపడి 1000 వాట్లది కొననక్కర్లేదు. సప్లై ఎంత పెద్దదైనా కంప్యూటర్‌కు కావలసినంతే ఇస్తుంది, కరెంటు బిల్లు దానివల్ల పెరగదు. కానీ డబ్బు దండగ. మీ లెక్కకు సగం కలుపుకోండి, కార్డు కంపెనీ చెప్పిన అంకెతో సరిచూసుకోండి. రెండిట్లో ఏది ఎక్కువైతే అది.

డబ్బా మీద '80 ప్లస్' గుర్తు గురించి ఒక మాట. గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వంతు కంప్యూటర్‌కు చేరుతుందో చెప్పే గుర్తు అది. బ్రాంజ్ అంటే సగం భారం మీద కనీసం 85 శాతం, గోల్డ్ అంటే 90. ఏ గుర్తూ లేనిది 70 శాతమే ఇస్తుందనుకుంటే, కంప్యూటర్ 300 వాట్లు తింటున్నప్పుడు బ్రాంజ్ కంటే 75 వాట్లు అదనంగా వేడి కింద పోతాయి. రోజుకు నాలుగు గంటలు ఆడితే నెలకు తొమ్మిది యూనిట్లు. గోల్డ్ కోసం అప్పు చేయనక్కర్లేదని నా అభిప్రాయం. బ్రాంజ్ మాత్రం ఉండాల్సిందే.

మన ఊరి కరెంటు సంగతి

ఇంతవరకూ చెప్పింది బెంగళూరులో ఉన్నవాళ్లకైనా, అమెరికాలో ఉన్న మన పిల్లలకైనా ఒకటే. తిరువూరు లాంటి ఊళ్లో ఇంకో సగం లెక్క ఉంది. బెజవాడ వెళ్లే దారిలో ఇబ్రహీంపట్నం దగ్గర నార్ల తాతారావు థర్మల్ కేంద్రం పొగగొట్టాలు చూసే ఉంటారు. 1979 నుంచి అక్కడ కరెంటు పుడుతోంది. 2023లో 800 మెగావాట్ల యూనిట్ కూడా తోడైంది. అయితే కరెంటు పక్కనే పుడుతున్నంత మాత్రాన మన గోడ ప్లగ్గులో నిక్కచ్చిగా 230 వోల్టులు ఉంటాయనుకోకండి. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎన్ని ఇళ్లున్నాయి, మే నెల రాత్రి ఎన్ని ఏసీలు ఒకేసారి ఆన్ అయ్యాయి, మీ ఇల్లు ఆ లైనులో ఎంత చివర ఉంది... వోల్టేజీ వీటి మీద ఆధారపడుతుంది.

మంచి సప్లైల మీద ఇన్‌పుట్ '100-240 వోల్టులు' అని ఉంటుంది. లో వోల్టేజీ వచ్చినా తమంతట తామే సర్దుకుంటాయి, వేరే స్టెబిలైజర్ అక్కర్లేదు. చవక డబ్బాలకు ఆ వెసులుబాటు ఉండదు. కొన్నిటికి వెనక ఎర్రటి చిన్న స్విచ్ ఉంటుంది, 115 అనో 230 అనో. ఆడుకునే చిన్నపిల్లలెవరైనా దాన్ని 115 వైపు జరిపారా... ప్లగ్గు పెట్టగానే టపాకాయే!

రెండోది ఎండ. మన దగ్గర మేలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. బయటే అంతుంటే క్యాబినెట్ లోపల ఇంకా ఎక్కువ. అసలైన కంపెనీలు తమ సప్లై 40 డిగ్రీల దగ్గరో 50 డిగ్రీల దగ్గరో పూర్తి సామర్థ్యం ఇస్తుందని రాస్తాయి. ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర కొలిచిన 500 వాట్లు మన మేడమీద రేకుల గదిలో 500 వాట్లు కావు. ఏడాదికి రెండుసార్లయినా దాని ఫ్యాను దుమ్ము దులపండి. కంప్యూటర్ బల్ల కింద అరలో మూసి పెట్టే అలవాటుంటే మానేయండి.

మూడోది ఇన్వర్టర్. ఇది ఎక్కువమంది గమనించని విషయం. కరెంటు పోయిన క్షణం నుంచి ఇన్వర్టర్ అందుకునే దాకా మధ్యలో ఓ రెప్పపాటు ఖాళీ ఉంటుంది. ఆ రెప్పపాటు కంప్యూటర్‌ను నిలబెట్టేది ఎస్‌ఎంపీఎస్ లోపలి కెపాసిటరే. పూర్తి భారం మీద మంచి సప్లై కూడా దాదాపు 16 మిల్లీసెకన్లు ఆపగలదు, అంతే. కార్డు లేనప్పుడు భారం తక్కువ కాబట్టి ఎక్కువసేపు ఆగేది. అందుకే 'ఇదివరకు కరెంటు పోయినా కంప్యూటర్ ఆగేది కాదండీ, కార్డు పెట్టాకే ఆగుతోంది' అనే మాట వింటుంటాం. చాలా ఇన్వర్టర్లకు వెనక ఒక స్విచ్ ఉంటుంది. దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెడితే మార్పు పది, పదిహేను మిల్లీసెకన్లలో అయిపోతుంది. మామూలు మోడ్‌లో ముప్పై, నలభై దాకా పడుతుంది. యూపీఎస్ మోడ్‌కు ఒక చిక్కుంది... వోల్టేజీ కాస్త తగ్గినా బ్యాటరీ మీదకు దూకేస్తుంది. లో వోల్టేజీ వీధిలో ఉంటే బ్యాటరీ త్వరగా అరిగిపోతుంది. ఏది ముఖ్యమో మీరే తేల్చుకోవాలి. కొత్తగా కొనేవాళ్లు ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరే తీసుకోండి. స్క్వేర్ వేవ్‌తో ఈ మంచి సప్లైలు కొన్ని పేచీ పెడతాయి.

ఇక బల్ల కింద 600 వీఏ యూపీఎస్ సంగతి. దాని మీద 600 అని చూసి వాట్లనుకోకండి. అది ఇవ్వగలిగేది 360 వాట్ల దగ్గరే. మన లెక్క 347, దానికి సప్లైలో పోయే నష్టం కలిపితే 400 దాటుతుంది, మానిటర్ అదనం. ఆట మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ కుయ్యోమని చేతులెత్తేస్తుంది. 1000 వీఏకు తగ్గకూడదు.

నాలుగోది ఎర్తింగ్. క్యాబినెట్ తాకితే చెయ్యి జివ్వుమంటోందా? ఎస్‌ఎంపీఎస్ లోపల చిన్న వడపోత ఉంటుంది. ప్లగ్గులోని లావు పిన్ను ద్వారా ఎర్త్‌కు దారి ఉండాలనే నమ్మకంతో దాన్ని కట్టారు. దారి లేకపోతే క్యాబినెట్ ఇనుము మీద సుమారు 115 వోల్టులు తేలుతుంటాయి. అందులో ప్రవహించే కరెంటు కొద్దిదే కాబట్టి జివ్వుమంటుంది తప్ప ప్రాణం తీయదు. కానీ లోపల ఏదైనా వైరు ఊడి ఇనుముకు తగిలిన రోజున కాపాడే దిక్కు ఉండదు. లావు పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల ప్లగ్గులో దూర్చే అలవాటు ఇప్పటికైనా మానాలి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ చూపించుకోండి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య వచ్చినంతే అక్కడా రావాలి. ఎర్త్ గుంటలో ఉప్పు, బొగ్గు వేసి ఎన్నేళ్లయిందో ఆయనతోనే చూపించండి. ఎండాకాలంలో నేల ఎండిపోతుంది కాబట్టి అప్పుడప్పుడు ఆ గుంటలో బిందెడు నీళ్లు పోస్తూ ఉండాలి.

వైర్ల దగ్గర జాగ్రత్త

పాత సప్లైకి 8 పిన్నుల వైరు లేకపోతే కొందరు మెకానిక్కులు హార్డ్ డిస్క్‌కు వెళ్లే వైరుకు జాయింట్ వేసి ఇస్తారు. వద్దనండి. హార్డ్ డిస్క్ సాటా కనెక్టర్ 12 వోల్టుల దగ్గర మోయగలిగేది 54 వాట్లే. 150 లాగితే ప్లాస్టిక్ కరుగుతుంది. ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్నుల వైరు కూడా చూడ్డానికి కార్డు వైరులాగే ఉంటుంది కానీ ప్లస్, మైనస్ తలకిందులు. కార్డుది 6+2గా విడిపోతుంది, ప్రాసెసర్‌ది 4+4గా. ఊడదీసే వైర్లున్న మాడ్యులర్ సప్లై అయితే, పాత సప్లై వైర్లు కొత్తదానికి వాడకండి. సప్లై వైపు పిన్నుల వరస కంపెనీకో రకంగా ఉంటుంది. కొత్త పెద్ద కార్డుల 16 పిన్నుల కనెక్టర్ గురించి విన్నారా? 2022 అక్టోబరులో ఆర్‌టీఎక్స్ 4090 కొన్నవాళ్లలో కొందరికి అది కరిగిపోయింది. పూర్తిగా లోపలికి గుచ్చకపోవడమే కారణమని ఎన్‌విడియా తేల్చింది. మరుసటి ఏడాది ఆ కనెక్టర్‌నే మార్చారు. ఏ కనెక్టర్ అయినా క్లిక్‌మని శబ్దం వచ్చేదాకా నొక్కాలి.

ఆఫీసుల నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లు చవగ్గా దొరుకుతున్నాయి. చదువులకు చక్కగా సరిపోతాయి కూడా. కానీ వాటికి కార్డు వేద్దామనుకుంటే ముందు మూత తీసి చూడండి. డెల్ ఆప్టిప్లెక్స్ 9020 టవర్‌లో ఉండేది 290 వాట్ల సప్లై. దాన్ని మారుద్దామంటే మదర్‌బోర్డుకు అందరిలా 24 పిన్నులు కాదు, 8 పిన్నుల సొంత కనెక్టర్. బజారు సప్లై నేరుగా అతకదు.

అలాంటి కంప్యూటర్ ఉన్నవాళ్లకూ, చేతిలో పదిహేను, ఇరవై వేలకు మించి లేనివాళ్లకూ నా సలహా వేరు. విడిగా వైరు అడగని కార్డు తీసుకోండి. ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీ రకం 2024లో వచ్చింది. 70 వాట్లే, స్లాటు నుంచే సరిపెట్టుకుంటుంది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియో వాళ్లకు, బ్లెండర్ నేర్చుకునే విద్యార్థికి మొదటి మెట్టుగా అది చాలు. అంతకన్నా పెద్దది కావాలంటే, ముప్పై వేల కార్డులోంచి నాలుగైదు వేలు తగ్గించుకుని ఒక మెట్టు కింది కార్డు తీసుకోండి. ఆ డబ్బుతో అయిదేళ్ల వారంటీ ఉన్న 550 వాట్ల బ్రాంజ్ సప్లై వస్తుంది. పిల్లలు మొదట మొహం ముడుచుకుంటారు. ఆ రెండు కార్డుల మధ్య తేడా ఆటలో సెకనుకు పది, పదిహేను ఫ్రేములు. నాసి ఎస్‌ఎంపీఎస్ పోతూ పోతూ మదర్‌బోర్డును, డిస్కును వెంట తీసుకెళ్తే ఆ స్టూడియోలో ఎవరిదో పెళ్లి మొత్తం పోతుంది. ముహూర్తం మళ్లీ రాదు.

తీసేసిన పాత సప్లై పూర్తిగా పనికిరానిదైతే తప్ప పారేయకండి, కార్డు లేని చదువుల కంప్యూటర్‌కు పనికొస్తుంది. మూత మాత్రం విప్పనివ్వకండి. 230 వోల్టుల ఏసీ డీసీగా మారేసరికి లోపలి పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా నిలవ ఉంటుంది, ప్లగ్గు తీసేశాక కూడా కాసేపు. రాగి తీగ కోసం స్క్రూడ్రైవర్ పట్టుకున్న పిల్లాడికి ఆ సంగతి తెలియదు.